ఎనిమిది చున్నీల జడ

మా అమ్మాయి ఒకటో క్లాసులో ఉన్నప్పుడు వాళ్ళ టీచరు నాతో ఒక మాట అంది. "మీ పాపకి నేనడిగే ప్రతిదానికీ జవాబు తెలుసు. తన పక్కన ఎవరు కూర్చున్నారో మాత్రం తెలియదు."

ఆరేళ్ళ పిల్లలు కూర్చునే కుర్చీ అది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా ముడుచుకుని, ఒళ్ళో మా చంటివాణ్ణి పెట్టుకుని కూర్చున్నాను. చదువు గురించి ఏమడిగినా చెప్పడానికి సిద్ధపడి వెళ్ళాను. ఇంట్లో ఏ పుస్తకాలు చదివిస్తున్నానో, లెక్కలు ఎక్కడిదాకా వచ్చాయో అన్నీ నోటి చివర ఉన్నాయి.

టీచరు రిపోర్టు కార్డు నా వైపు తిప్పింది. చదవడం, రాయడం, లెక్కలు, అన్నిట్లోనూ పై మెట్టే. కింద ఇంకో భాగం ఉంది. ఇతరుల మాట వింటుందా, తన వంతు వచ్చేదాకా ఆగుతుందా, కలిసి పని చేస్తుందా. అక్కడ వరసగా 'ఇంకా నేర్చుకోవాలి' అని ఉంది.

"ఆటల టైములో తనని ఎవరూ పిలవడం లేదు," అంది టీచరు మెల్లగా. "తను ఇంకా గమనించినట్టు లేదు. ఏదో ఒక రోజు గమనిస్తుంది. అంతకుముందే మనం ఏదైనా చెయ్యాలి."

ఆ రోజు ఎప్పుడో వస్తుందన్న మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. కారులో వెనక సీటు వైపు అద్దంలో చూస్తూ అడిగాను.

"నీ పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?"

"ఒక గర్ల్."

"పేరేంటి?"

"ఐ డోంట్ నో. షి కాంట్ ఈవెన్ రీడ్ చాప్టర్ బుక్స్, అమ్మా."

అందులో గర్వమేమీ లేదు. బయట ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది. గర్వమైతే తిట్టి మాన్పించొచ్చు.

సాయంత్రం మా ఆయన రైలు దిగి ఇంటికొచ్చాక రిపోర్టు కార్డు చేతిలో పెట్టాను. కింది భాగం చదివి నవ్వారు.

"మా స్కూల్లో ఈ భాగం లేదు కాబట్టి బతికిపోయాను. ఉంటే నేనింకా ఒకటో క్లాసులోనే ఉండేవాణ్ణి."

"నవ్వులాటగా ఉందా మీకు?"

"ఏడవమంటావా? ఆఫీసులో కూడా ఇదే గోల. మొన్న ఇంటర్వ్యూకి ఒకబ్బాయి వచ్చాడు. అడిగినదానికల్లా టకటకా చెప్పేశాడు. మా మేనేజరు తీసుకోలేదు. తెలియని ప్రశ్న వేస్తే ఏం చేస్తాడో చూద్దామని ఒకటి వేస్తే, తెలియదనలేదు, ఎవరినీ అడగలేదు, అరగంట బోర్డు ముందు ఒక్కడే గింజుకున్నాడట. తెలిసినవాడు మనకి దొరుకుతాడు, కలిసేవాడు కావాలి అంటాడు ఆయన."

ఆ మాట నాకు నచ్చలేదు. తెలిసినవాళ్ళకే విలువ ఉన్న రోజుల్లో పెరిగాను నేను. మా ఊళ్ళో ట్యూషన్ మాస్టారు ర్యాంకు ప్రకారం బెంచీల మీద కూర్చోబెట్టేవారు. మొదటి బెంచీలో కూర్చున్న రోజున మా నాన్న నాతో గొంతు మార్చి మాట్లాడేవారు, ఎవరో పెద్దమనిషితో మాట్లాడినట్టు. అలా మొదటి బెంచీలో కూర్చునే ఎమ్మెస్సీ మ్యాథ్స్ దాకా వచ్చాను. పెళ్ళయి అమెరికాలో ఈ ఫ్రీమాంట్ వచ్చాక నా వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. నాకు తెలిసినదంతా తీసుకునే మనిషి అప్పట్లో ఒక్కతే, ఊయలలో మా అమ్మాయి. మూడేళ్ళకి చదివింది. నాలుగో ఏడు వచ్చేసరికి కూడికలు చేసేది. స్కూలు బాగుందని మా జీతానికి మించిన అద్దెకి ఈ అపార్టుమెంటులోకి మారాం. ఇంత చేసిన తరవాత, అవన్నీ ఉన్నాయి గానీ పక్కమనిషి తెలియదంటే ఎలా?

అయినా ఆ వారమంతా చుట్టూ చూస్తుంటే నాకూ కనిపించడం మొదలైంది. పిల్ల భోజనం చేస్తూ అన్నిటికన్నా లోతైన సముద్రం ఏది అని అడిగితే నేను చెప్పేలోపే వాళ్ళ నాన్న ఫోన్ చెప్పేస్తోంది. స్కూల్లో బెంచీల వరసలే లేవు, నాలుగేసి బల్లలు ఎదురెదురుగా కలిపి వేశారు. మేము కష్టపడి మోసుకొచ్చిన తెలివి జేబులో పట్టే వస్తువైపోయింది. జేబులో పట్టనిది ఒకటే మిగిలింది. ఎదురుగా ఉన్న మనిషికి ఏమవుతోందో గ్రహించడం. దాన్ని నేర్పే పుస్తకం లేదు, ఉంటే ఈపాటికి కొనేసి ఉండేదాన్ని.

ఆ రాత్రి ఒకటి తీర్మానించుకున్నాను. చదువు నేర్పినంత పట్టుదలగా ఇదీ నేర్పాలి. ఎలాగో తెలియకపోయినా సరే.

*

రోజూ స్కూలు నుంచి రాగానే "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడగడం నాకు అలవాటు. మర్నాటి నుంచి ప్రశ్న మార్చాను.

"నీ పక్కనున్న అమ్మాయి గురించి ఇవాళ ఏం తెలుసుకున్నావు?"

"నథింగ్."

మరునాడూ నథింగే. ఆ మరునాడు, "అమ్మా, ఈజ్ దిస్ హోంవర్క్?" అంది అనుమానంగా. హోంవర్కే అన్నాను. దానికి హోంవర్క్ అంటే మహా గౌరవం. శుక్రవారం వచ్చి బ్యాగు విసిరేసి, "హర్ టూత్ ఈజ్ లూజ్. కింది పన్ను," అని తన కింది పన్ను ఊపి చూపించింది. ఆ మరుసటి వారం ఇంకోటి తెచ్చింది. "షి డజంట్ గో టు ద బాత్రూమ్. ఆ ఫ్లష్ దానంతట అదే అవుతుంది కదా, తనకి స్కేరీ. ఇంటికి వెళ్ళేదాకా హోల్డ్ చేస్తుంది."

"నీకెలా తెలుసు?"

"తెలుగులో చెప్పింది."

"తెలుగా!"

ఆ 'ఒక గర్ల్' హైదరాబాద్ నుంచి వచ్చి కొన్ని నెలలే అయిందట. మా వెనక బ్లాకులోనే ఉంటోందట. వాళ్ళమ్మని నేను బట్టలుతికే గదిలో చాలాసార్లు చూసి నవ్వాను కూడా. పక్కన ఎవరున్నారో తెలియనిది మా అమ్మాయికి ఒక్కదానికే కాదన్నమాట. ఆ సాయంత్రమే చంటివాణ్ణి చంకనేసుకుని వెళ్ళి తలుపు కొట్టాను. వాళ్ళ సొంతూరు కరీంనగర్. నన్ను చూడగానే లోపలికి లాగింది. చాయ్ తాగేలోపే నేను ఆవిణ్ణి అక్కా అని, ఆవిడ నన్ను చెల్లె అని పిలుచుకుంటున్నాం. బాత్రూము సంగతి చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకు చెప్పలే చెల్లె అది. ఇంటికొచ్చి ఉరుకుతాంటే ఏందో అనుకున్న. నీ బిడ్డకు చెప్పిందా?"

మర్నాడు అక్క టీచరుతో మాట్లాడింది. నా వల్ల కాదు, మా అమ్మాయి హోంవర్క్ వల్ల.

*

ఆ వసంతంలో స్కూల్లో ఒక వేడుక పెట్టారు. అన్ని దేశాలవాళ్ళూ తమ ఆటపాటలు చూపించాలి. మా అపార్టుమెంటులో ఉన్న తెలుగు పిల్లలతో ఏదైనా చేయిద్దామని తల్లులం క్లబ్‌హౌస్‌లో కలిశాం. సినిమా పాటకి డ్యాన్స్ అని ఒకరు, శ్లోకాలని ఒకరు. కరీంనగర్ అక్క, "జడ కోలాటం ఆడిద్దామే," అంది.

జడ కోలాటం చాలామందికి తెలిసే ఉంటుంది. నడుమ పైన ఒకచోట ఎనిమిది తాళ్ళు కడతారు. తలా ఒక కొస పట్టుకుని నలుగురు ఇటు, నలుగురు అటు తిరుగుతారు. ఎదురొచ్చిన మొదటి మనిషిని బయటినుంచి దాటాలి, తరవాతి మనిషిని లోపలినుంచి. దాటేటప్పుడు కర్రకి కర్ర కొట్టాలి. అలా తిరుగుతుంటే పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. తరవాత అందరూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడిస్తే అల్లిన జడ విడిపోతుంది. అది విడిపోతేనే ఆట అయినట్టు.

"నీకొచ్చా అక్కా?" అని అడిగాం.

"ఎనిమిదో తరగతిల ఆడిన. తలకాయల లేదు. కాళ్ళల్ల ఉందేమో."

కాళ్ళలో కూడా లేదు. ఈత కొలను పక్కన మండపంలాంటి గజీబో ఉంటే, దాని పైకప్పు మధ్య కొక్కేనికి తాళ్ళ బదులు, పొడవు చాలేలా రెండేసి చున్నీలు ముడేసి ఎనిమిది కట్టి, ముందు తల్లులమే తిరిగి చూశాం. అందరం పెద్ద చదువులు చదివినవాళ్ళం. ఒకావిడ సర్క్యూట్ల లెక్కలో ఆలోచిద్దామంది, ఇంకొకావిడ ఎక్సెల్‌లో వేస్తానంది. రెండు చుట్లు తిరిగేసరికి చున్నీ మెడకి చుట్టుకుని ఒకరి మీద ఒకరం పడ్డాం. కొలనులో ఈదుతున్న ముసలాయన ఒడ్డుకొచ్చి, సాయం కావాలా అని అడిగాడు.

ఇక నేనే పూనుకున్నాను. ఇది లెక్కే కదా, అల్లికల లెక్క. కాగితం మీద వేశాను. ఎనిమిది రంగులు, ఎనిమిది దారులు. ఎవరు ఎప్పుడు లోపల, ఎప్పుడు బయట. అలా వేస్తుండగా ఒక సంగతి కనిపించి భలే ముచ్చటేసింది. ఎక్కడైనా ఒకరు లోపలికి బదులు బయటికి వెళ్తే, ఎదుటివాళ్ళు దానికి తగ్గట్టు తప్పుకుంటే అల్లడం ఆగదు. కానీ విప్పేటప్పుడు సరిగ్గా అదే చోట, ఆ ఇద్దరూ అదే తప్పు మళ్ళీ చెయ్యాలి. సరిగ్గా నడిస్తే ముడి పడుతుంది.

మా ఆయనకి చూపించాను. "బాగుంది. అంటే తప్పు చేసినవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలన్నమాట," అన్నారు.

"ఎలా గుర్తుంటుంది? చేసినవాళ్ళకి తప్పు చేసినట్టే తెలియదుగా. ఎదురుగా వచ్చినవాళ్ళకే తెలిసేది."

"అయితే ముడే," అని నిద్రపోయారు.

పిల్లలకి కర్రలు కష్టమని నేనే పక్కన పెట్టించాను. ఒట్టి చేతులతో, ఎవరి దారి వాళ్ళు బట్టీపట్టి నడవాలి. 'లోపల, బయట, లోపల, బయట' అని పెదాలు కదుపుతూ, నేల చూస్తూ నడిచేవాళ్ళు. నిమిషం కాకముందే గుద్దుకునేవాళ్ళు. మా అమ్మాయి తన దారే కాదు, మిగతా ఏడుగురి దారులూ నేర్చేసుకుంది.

ఇంక చూడాలి. "రాంగ్! నువ్వు లోపలికి వెళ్ళాలి! నో, నాట్ యు, తను! గ్రీన్ బయటికి! అమ్మా, ఎల్లో ఈజ్ రాంగ్ అగైన్!"

కొక్కేనికి కట్టిన చున్నీల కన్నా దాని గొంతే గట్టిగా చుట్టుకునేది అందరినీ. అక్క కూతురిది గులాబీ రంగు చున్నీ. మా అమ్మాయి నాలుగోసారి "పింక్, రాంగ్!" అనగానే ఆ పిల్ల చున్నీ వదిలేసి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తి నడుము కరుచుకుంది. "నేను ఆడ. ఆమె ఉంటే నేను ఆడ." మిగతావాళ్ళు కూడా చున్నీలు వదిలేశారు. గజీబో మధ్యలో చున్నీ పట్టుకుని మా అమ్మాయి ఒక్కతే నిలబడింది. అటూ ఇటూ చూసింది.

టీచరు చెప్పిన రోజు ఇదేనేమో.

మా కింది వాటాలో గుంటూరావిడ ఉంటుంది. మర్యాదస్తురాలు. పిల్లలు వెళ్ళాక నా పక్కకొచ్చి నిలబడింది. "ఏమీ అనుకోకండి. మీ పాపకి మంచి డిక్షన్ అండీ. తను అనౌన్సర్‌గా ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించారా? మైకు పట్టుకుని, జడ కోలాటం గురించి ఇంగ్లీషులో చెప్తుంది. లోపల ఇంకెవరినైనా పెట్టుకోవచ్చు."

చాలా తియ్యగా అంది. ఇంకెవరికైనా అదే మంచి దారిలా కనిపించేది. మైకు, అందరి చప్పట్లు, మా నాన్న గొంతు మారే సందర్భం. కానీ అనౌన్సరంటే పక్కన నిలబడి అన్నీ తెలిసిన మనిషి. మా అమ్మాయి ఇప్పటికే అదే.

"వద్దండీ," అన్నాను. "తను లోపలే ఉంటుంది. ఈ ఆదివారం దాకా టైమివ్వండి. అప్పటికీ కుదరకపోతే నేనే తప్పిస్తాను."

ఆవిడ కరీంనగర్ అక్క వైపు చూసింది. నిర్ణయం అక్కదే, ఏడ్చింది వాళ్ళ పిల్ల. అక్క చున్నీలు మడతపెడుతూ తలెత్తలేదు.

"ఆదివారం సూద్దాం," అంది.

*

ఇంట్లో చెప్పి చూశాను. "ఎవరికీ ఏమీ చెప్పకూడదు. నోరు తెరవకుండా ఆడాలి."

"బట్ వాళ్ళు రాంగ్!"

"అవును."

"నేను చెప్పకపోతే వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

మా ట్యూషన్ మాస్టారు కూడా ఇదే అనేవారు. పడుకునే ముందు తనే మళ్ళీ అడిగింది, "అమ్మా, పింక్ ఎందుకు ఏడ్చింది? ఐ వాజ్ హెల్పింగ్ హర్."

"ఏమో, నాకూ తెలియదు. నువ్వే తెలుసుకో. అదే ఈ వారం హోంవర్క్."

ఆ వారం నేను వేసిన రంగుల కాగితాన్ని తీసి అల్మారాలో పెట్టేశాను. మనసొప్పలేదు గానీ పెట్టేశాను. గురువారం మా అమ్మాయి హోంవర్క్ తెచ్చింది. "తను పింక్ కాదు. తనకి పేరుంది, పింక్ అంటే నచ్చదు. ఇంకా, తనకి రైట్ ఏదో లెఫ్ట్ ఏదో ఫాస్ట్‌గా తెలియదు. నేను రాంగ్ అంటే ఇంకా ఫర్గెట్ అవుతుంది."

ఆదివారం గజీబోకి వెళ్ళేసరికి అక్క ముందే వచ్చి ఉంది. ఒళ్ళో కర్రల కట్ట. హార్డ్‌వేర్ షాపులో గుండ్రటి కర్ర కొని ముక్కలు కోయించి తెచ్చిందట.

"కర్రలొద్దనుకున్నాం కదక్కా? దారే రావడం లేదు, మళ్ళీ అవి కూడా అంటే..."

"కర్రలు లేకుంట కోలాటమేంది చెల్లె? పొద్దుగాల ఎందుకో నా చేతులకు గుర్తుకొచ్చింది. మేము లెక్క పెట్టలే. ఎదురొచ్చినదాన్ని కొట్టినం, అంతే. కొట్టుకుంటే కొట్టుకోని, ఇయ్యి."

పిల్లలకి కర్రలు దొరకగానే మొదటి పావుగంట యుద్ధమే. నేను నెత్తి పట్టుకుని కూర్చున్నాను. ఆ తరవాత పాట మొదలైంది, తలా చున్నీ అందుకున్నారు. వింత ఏమిటంటే, ఇప్పుడు ఎవరూ నేల చూడటం లేదు. కర్ర కొట్టాలంటే ఎదుటివాళ్ళ చెయ్యి చూడాలి, చెయ్యి చూస్తే మొహం చూడకుండా ఉండలేరు. మొహం చూస్తే వాళ్ళు ఎటు రాబోతున్నారో తెలిసిపోతోంది. 'లోపల, బయట' అనుకునే పెదాలు ఆగిపోయాయి. నేను కష్టమని తీసేసినదే వాళ్ళని కలిపేది.

మా అమ్మాయికి ఎదురుగా అక్క కూతురు వచ్చింది. మా పిల్ల నోరు తెరవబోయి, పెదాలు లోపలికి మడుచుకుంది. కర్ర పైకెత్తి టప్పుమని కొట్టింది. ఆ పిల్ల ఇంకా గట్టిగా కొట్టింది. ఇద్దరూ నవ్వారు. ఆ చుట్టు పూర్తికాకుండానే మళ్ళీ ముడిపడింది, ఇంకో రెండుసార్లు పడింది. సాయంత్రానికి మాత్రం నా మూర అంత జడ పైనుంచి దిగింది. మళ్ళీ విడిపోయింది కూడా.

గుంటూరావిడ కొంచెం సేపు చూసి, "అనౌన్సింగు మా బాబు చేస్తాడు లెండి," అంది.

*

వేడుక స్కూలు హాల్లో జరిగింది. పైకప్పుకి ఏమీ కట్టనివ్వరు కాబట్టి వ్యాయామం మాస్టారు వాలీబాల్ స్తంభం తెచ్చి మధ్యలో నిలబెట్టి, కదలకుండా దాని అడుగున తను కూర్చున్నాడు. "మాకూ ఇలాంటి ఆట ఉంది, చిన్నప్పుడు ఆడాను," అన్నాడు చున్నీలు కడుతూ. "నాకు ఎప్పుడూ విడిపోలేదు."

నేను, అక్క పక్కపక్కన కూర్చున్నాం. అక్క భర్త ముందు వరసలో ఫోనుతో వీడియో తీస్తున్నాడు. పాట మొదలైంది. పిల్లలు అల్లుతున్నారు. స్తంభం మీద రంగురంగుల జడ దిగుతుంటే వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

సరిగ్గా అప్పుడు అక్క భర్త ఉత్సాహం ఆపుకోలేక లేచి నిలబడి కూతురికి చెయ్యి ఊపాడు. ఆ పిల్ల నాన్నని చూసింది. బయటినుంచి వెళ్ళాల్సింది లోపలికి తిరిగింది. ఎదురుగా మా అమ్మాయి. అది కూడా లోపలికే రావాలి.

దాని నోరు తెరుచుకోవడం చూశాను. ఆ నోరు నాకు బాగా తెలుసు. ఆ నోరు నాదే. చంటివాణ్ణి గట్టిగా పట్టుకున్నాను.

నోరు మూసుకుంది. అడుగు మార్చి బయటికి వెళ్ళింది. కర్ర కొట్టింది, ఆ పిల్ల కొట్టింది, సాగిపోయారు. హాల్లో ఒక్కరికీ తెలియలేదు. ఆ పిల్లకీ తెలియలేదు. తరవాతి మనిషి కర్ర చూసి మళ్ళీ సరైన దారిలో పడింది.

జడలో ఆ తప్పు ఉండిపోయింది. పైనుంచి ఇంకా జడ దిగుతూనే ఉంది, దాన్ని కప్పేస్తూ. నాకు కాగితం మీద వేసిన దారులు కళ్ళ ముందు తిరుగుతున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు అందరూ సరిగ్గా నడిస్తే అక్కడ ముడిపడుతుంది. ఎనిమిది మంది ఆగిపోతారు. ఆ పిల్ల మళ్ళీ వాళ్ళమ్మ నడుము పట్టుకుంటుంది, ఈసారి హాలంతా చూస్తుండగా. ఆ తప్పు ఎక్కడుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను కుర్చీలో ఉన్నాను.

పాట మారింది. పిల్లలు వెనక్కి తిరిగారు. జడ విడుతోంది. ఒక్కొక్క మెలికా పైకి పోతోంది. అక్క నా పక్కన గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ చోటు దగ్గరపడింది. ఎదురెదురుగా వస్తున్నారు ఇద్దరూ. మా అమ్మాయి ఈసారి ముందే, చాలా ముందే బయటికి జరిగి, లోపల దారి ఖాళీగా ఉంచింది. కర్ర అటువైపు చాచింది, ఇటు రా అన్నట్టు. ఆ పిల్ల దాని మొహం చూసింది. ఎందుకని ఆలోచించలేదు. లోపలినుంచి వచ్చి కర్ర కొట్టి వెళ్ళిపోయింది.

చున్నీలు విడిపోయాయి. ఎనిమిదీ గొడుగులా విచ్చుకున్నాయి. స్తంభం కింద కూర్చున్న మాస్టారు పైకి చూసి రెండు చేతులూ ఎత్తేశాడు.

బయట పార్కింగులో అందరం గుమిగూడాం. అక్క నన్ను వాటేసుకుంది. "చూసినవా చెల్లె, మా బిడ్డ ఒక్క తప్పు చెయ్యలే! ఒక్కటంటే ఒక్కటి!" వాళ్ళాయన వీడియో చూపిస్తానని ఫోన్ తీశాడు. చెయ్యి ఊపినప్పటి భాగమంతా పైకప్పు లైట్లు, ఆయన బూట్లు.

నా నాలుక చివర మాట ఉంది. మా అమ్మాయి ఏం చేసిందో తెలుసా అక్కా, ఒక్క క్షణంలో ఎంత లెక్క వేసిందో తెలుసా, దారంతా గుర్తుపెట్టుకుని ఎలా తిరిగొచ్చిందో తెలుసా. పుట్టినప్పటి నుంచి దాని గురించి ఎవరికైనా చెప్పుకోవాలని నేను ఎదురుచూసిన మాట అదే. ఆరేళ్ళ పిల్ల, ఎమ్మెస్సీ వాళ్ళకి కాగితం మీదగానీ తేలని సంగతి.

కిందికి చూశాను. మా అమ్మాయి నా వైపే చూస్తోంది. ఏమంటానో అని. పక్కనే ఆ పిల్ల ఊడిన పన్ను సందులోంచి నాలుక పెట్టి ఆడిస్తూ, దాని చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

"చూశానక్కా," అన్నాను. "చాలా బాగా చేశారు."

మా అమ్మాయి ఊపిరి వదిలింది.

అంతకన్నా కష్టమైన మాట నేను ఎప్పుడూ మింగలేదు. ఇప్పటికీ అక్కకి చెప్పలేదు. అక్క ఇప్పటికీ మా వెనక బ్లాకులోనే ఉంది, మా చిన్నాడికి జ్వరమొస్తే ముందు తనకే ఫోన్ చేస్తాను. అందుకే ఇది రాస్తూ ఎవరి పేరూ పెట్టలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు కారులో వెనకనుంచి మా అమ్మాయి అంది. "అమ్మా, యు డిడంట్ టెల్."

"నువ్వూ చెప్పలేదుగా."

"తను హ్యాపీగా ఉంది." సీటు బెల్టు సర్దుకుంటూ, "నువ్వు ఇవాళ ఎవరి గురించి ఏం తెలుసుకున్నావు?" అంది. రోజూ నేనడిగే గొంతుతోనే.

నేను తీసుకున్న హోంవర్క్ కాదది, కానీ చెయ్యక తప్పలేదు. "ఆంటీ పాటంతా గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది," అన్నాను. "నీ గురించి నాకున్నంత భయం వాళ్ళ పాప గురించి ఆంటీకి కూడా ఉంది. నాకు ఇవాళే తెలిసింది."

"గుడ్," అంది వెనక సీట్లోని మా టీచరు.

రెండేళ్ళయింది. చంటివాడు ఇప్పుడు అక్షరాలు అడుగుతున్నాడు, చెప్తున్నాను. అంకెలూ చెప్తాను. నాకు వచ్చినది నేర్పకుండా ఎలా ఉంటాను? కానీ వాణ్ణి పార్కు నుంచి తీసుకొచ్చేటప్పుడు మొదట అడిగే ప్రశ్న మాత్రం పక్కనున్నవాళ్ళ గురించే. నథింగ్ అంటాడు. అననీ. రేపు మళ్ళీ అడుగుతాను.